అరుగు మీది తీర్పులు

టీవీ కట్టేశాకే మా ఎర్రగుంట్లలో అసలు కార్యక్రమం మొదలయ్యేది. ఆదివారం పొద్దున రామాయణం అయిపోగానే టీవీ ఉన్న ఇంట్లోంచి జనం బిలబిలమంటూ బయటికొచ్చి నాపబండలు పరిచిన అరుగుల మీద, వేపచెట్టు కింద, టీ అంగడి బల్లల మీద సర్దుకునేవాళ్ళు. అప్పటినుంచి సంగటి వేళ దాకా ఒకటే చర్చ. ఈ వారం ఎవరు బాగా చేశారు, ఎవరు తేలిపోయారు, ఎవరి ఏడుపు నిజంగా ఉంది, ఎవరి కోపం కంటికెక్కలేదు. ఆ చర్చలో చదువుకున్నవాళ్ళు, చదువుకోనివాళ్ళు, బండలు కోసేవాళ్ళు, బట్టలు కుట్టేవాళ్ళు, రైల్వే గ్యాంగు మనుషులు, సిమెంటు ఫ్యాక్టరీ గుమాస్తాలు అందరూ ఉండేవాళ్ళు. అందరికీ ఒక అభిప్రాయం ఉండేది. దాని కోసం గొంతు పెంచి వాదించే ఓపికా ఉండేది.

పాత టీవీ రోజుల్ని తలచుకునేవాళ్ళు ఎక్కువగా యాంటెనా గురించి, చుక్కల బొమ్మ గురించి చెప్తారు. అవి పోయినందుకు నాకు దిగుల్లేదు. పెద్ద తెరలొచ్చాయి, బొమ్మ బాగుంది, శబ్దం బాగుంది, సంతోషమే. పోయింది అరుగు మీది ఆ మాట. ఒక ఊరు ఊరంతా ఒకే పూట ఒకే నటనను చూసి, ఎదురెదురుగా కూచుని దాని మంచిచెడ్డలు తేల్చుకునే పద్ధతి పోయింది. నటన అంటే ఏమిటో నాకు తెలిసిందంటే ఆ అరుగుల మీదే తెలిసింది.

ఆ తీర్పులు గాల్లోంచి ఊడిపడినవి కావు. నాటకం నరనరాన ఉన్న జిల్లా మాది. 1885లో మా కడప జిల్లా సురభి గ్రామంలోనే వనారస గోవిందరావు ‘కీచక వధ’ ఆడారు. సురభి నాటక సమాజాలన్నిటికీ మూలం అదే. బళ్ళారి రాఘవ 1880లో పుట్టింది మాకు పొరుగునే ఉన్న తాడిపత్రిలో. నా చిన్నప్పుడు కూడా తిరణాల అంటే నాటకం ఉండాల్సిందే. ‘సత్య హరిశ్చంద్ర’, ‘చింతామణి’, ‘రామాంజనేయ యుద్ధం’, పాండవుల రాయబారం. పెట్రోమాక్స్ లైట్ల కింద, హార్మోనియం శ్రుతిలో, తెల్లవార్లూ పద్యాలే పద్యాలు. వెనక చాపేసుకుని కూచున్నవాళ్ళకు వేషగాడి ముఖం ఏం కనపడుతుంది? పూసిన రంగు, పెట్టిన కిరీటం తప్ప. అందుకే మా పెద్దవాళ్ళు వేషగాణ్ణి గొంతుతో కొలిచేవాళ్ళు. పద్యం చివర రాగం ఎంతసేపు నిలబెట్టాడు, పైస్థాయిలో గొంతు జీరపోయిందా, మాట ఆఖరి వరసకు వినపడిందా. బాగా పాడినవాడికి ‘వన్స్ మోర్’ పడేది, చొక్కాకు నోటు గుచ్చేవాళ్ళు. 1963లో కడప ఆకాశవాణి వచ్చాక ఆ చెవి ఇంకా పదునెక్కింది. రేడియో నాటకంలో అసలు ముఖమే లేదు కదా. మా జేజినాయన రేడియో పక్కన కళ్ళు మూసుకుని కూచుని, నాటకం అయ్యాక ‘ఆ తండ్రి వేషం కట్టినాయప్పకు ఆయాసముండాది, అయినా మాట తెగనీల్యా’ అనేవాడు.

అట్లా చెవితో తీర్పు చెప్పే ఊరికి టీవీ వచ్చింది. 1984లో దూరదర్శన్ దేశమంతటా రోజుకొకటి అన్నంత వేగంగా చిన్న ప్రసార కేంద్రాలు పెట్టుకుంటూ పోయింది. ఆ ఊపులోనే మా వైపు కూడా మిద్దెల మీద యాంటెనాలు లేచాయి. టీవీ కొనాలంటే ప్రొద్దుటూరు పోయేవాళ్ళు. బంగారానికీ బట్టలకూ పేరుపడి రెండో బొంబాయి అనిపించుకున్న ఊరు అది, అక్కడ దొరకనిది లేదు. చెక్కపెట్టెకు అడ్డంగా జరిపే తలుపులున్న సాలిడేర్, డయనోరా, హైదరాబాదులో తయారైన ఈసీ టీవీ. మా వీధిలో మొదట తెచ్చింది బండల పాలిష్ ఫ్యాక్టరీ నడిపే ఒక పెదనాయన. వరసకు పెదనాయనే తప్ప చుట్టం కాదు, వీధిలో అందరికీ ఆయన పెదనాయనే. మిద్దె మీద వెదురు గడకు యాంటెనా కట్టి, దాన్ని తిప్పడానికి ఒక పిల్లోణ్ణి పైకెక్కించేవాళ్ళు. ‘వచ్చిందా?’ అని పైనుంచి వాడు, ‘లేదు, రవంత ఇటు తిప్పు... ఆ ఆ... ఆడే ఉండనీ’ అని గవాచి లోంచి వీళ్ళు. బొమ్మ నిలిచాక కూడా వాణ్ణి దిగనిచ్చేవాళ్ళు కాదు.

ఆ ఇంట్లో ఎవరు ఎక్కడ కూచోవాలో ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయేది. పడసాలలో మంచం మీద పెద్దవాళ్ళు, చాప మీద ఆడవాళ్ళు, టీవీకి మూరెడు దూరంలో బండల మీద పిల్లోళ్ళం. వీధివైపు కిటికీ బయట ఇంకో గుంపు నిలబడేది. బండల గనుల్లో పనిచేసేవాళ్ళు, లారీలకు బండలెత్తేవాళ్ళు, వాళ్ళ పిల్లలు. వాళ్ళను ఎవరూ పొమ్మనలేదు, లోపలికి రమ్మనీ అనలేదు. అది అప్పటి మా ఊరి తీరు. దాన్ని తియ్యటి జ్ఞాపకంగా మార్చి చెప్పడం నాకు ఇష్టం లేదు. ఒక్క సంగతి మాత్రం చెప్పి తీరాలి. కిటికీ బయట ఉన్నవాళ్ళకు టీవీ మాట సరిగా వినపడేది కాదు. ముఖాలే కనపడేవి. టీ అంగడి దగ్గర నటన గురించి లోతైన మాట వాళ్ళ నోటినుంచే వచ్చేది. వాళ్ళు గొంతును పక్కన పెట్టి కంటిని చూసేవాళ్ళు. ‘రాముడు నవ్వినాడు గానీ ఆ నవ్వు సీతమ్మను చూసి కాదు, వాళ్ళ నాయనను తలుచుకుని’ అని ఒకాయన అన్న మాట ఇన్నేళ్ళైనా నాకు గుర్తుంది. లోపల చాప మీద కూచున్న మాలో ఎవరికీ అది తట్టలేదు.

నిజానికి లోపలివాళ్ళకు మాత్రం మాట ఏం అర్థమైంది? రామానంద్ సాగర్ రామాయణం 1987 జనవరి 25న మొదలై 1988 జులై 31 దాకా నడిచింది, అంతా హిందీలోనే. మా వీధిలో హిందీ తెలిసింది ఇద్దరికో ముగ్గురికో. వాళ్ళలో ముఖ్యుడు టైలర్ మామ. ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు కాబట్టి సగం అర్థమవుతుంది, మిగతా సగం ఆయన ఊహించి పూరిస్తాడు. మంచం చివర ఆయనకు చోటు ఖాయం. ‘ఇప్పుడు కైకమ్మ ఏమంటాండాదంటే...’ అని ఆయన మొదలుపెడితే అందరి చెవులూ అటే. అయితే ఆయన చెప్పేది అయిపోయేలోపు తెర మీద బొమ్మ ముందుకు పోయేది. మాట ఆలస్యంగా అందుతుంది, ముఖం మాత్రం ముందే అందుతుంది. అట్లా వారం వారం మేము ముఖాలను చదవడం నేర్చుకున్నాం. భాష రాకపోవడం వల్లే మా ఊరు నటనను అంత శ్రద్ధగా చూసిందని నా గట్టి నమ్మకం. పైగా నాటకం స్టేజీ మీద ఎప్పుడూ దొరకని దగ్గరితనం టీవీలో దొరికింది. రాజు ముఖం మూరెడు దూరంలోకి వచ్చింది. కంటిరెప్ప వాలడం కూడా నటనేనని మా వాళ్ళకు అప్పుడే తెలిసింది.

పోలికలకు మాకు సినిమాలు ఉండనే ఉన్నాయి. రాముడంటే 1963 నాటి ‘లవకుశ’ ఎన్టీఆర్. రావణుడంటే ‘భూకైలాస్’, ‘సీతారామ కల్యాణం’ ఎన్టీఆర్, ‘సంపూర్ణ రామాయణం’ ఎస్వీ రంగారావు. వాళ్ళ పక్కన అరుణ్ గోవిల్ నిలుస్తాడా అని మొదటి నెలల్లో పెద్ద గొడవ. మెల్లగా ఒక ఒప్పందం కుదిరింది. ఎన్టీఆర్ రాముడు సింహాసనం మీద కూచుంటే చూడాలి, ఈ రాముడు అడవిలో నడుస్తుంటే చూడాలి. దారా సింగ్ హనుమంతుడి మీద మాత్రం వాదమే లేదు. కుస్తీలు పట్టిన ఒళ్ళు, ఆ ఒళ్ళంతా రాముడి ముందు ఒదిగిపోయిన తీరు చూసి మా జేజి తెరకే దండం పెట్టేది. రావణుడు అరవింద్ త్రివేదికి ఓటు వేసింది కూడా మా జేజే. ఇంద్రజిత్తు పోయాక ఆయన ఏడ్చిన వారం ‘పది తలకాయలోడైనా కొడుకు పోతే నాయనే కదబ్బా’ అని తేల్చేసింది. దుష్టుడి వేషం కట్టినవాడు మనల్ని ఒక్క క్షణమైనా తనవైపు తిప్పుకోవాలి, అప్పుడే వేషం పండినట్టు అనేది ఆమె సూత్రం. తర్వాత నేను నటన గురించి చాలా చదివాను. దానికన్నా గొప్ప సూత్రం ఇంకా దొరకలేదు.

1988 అక్టోబర్ 2న బి.ఆర్. చోప్రా మహాభారతం మొదలైంది. 94 భాగాలు, 1990 జూన్ 24 దాకా. మా అరుగులు వెలిగిపోయిన కాలం అది. రామాయణం భక్తితో చూసినది, అందులో కొంచెం నోరు కట్టేసుకోవాల్సి వచ్చేది. భారతం అట్లా కాదు. పైగా భారతం మా పద్యనాటకాల సొంత సొత్తు, ప్రతివాడి దగ్గరా ఒక దుర్యోధనుడు, ఒక కర్ణుడు, ఒక శకుని ముందే తయారుగా ఉన్నారు. 1977లో ‘దానవీరశూరకర్ణ’లో ఎన్టీఆర్ ఒక్కడే కృష్ణుడు, కర్ణుడు, సుయోధనుడు మూడూ వేసి చూపించాక ఇంకొకరి వేషం ఒప్పుకోవడం మా వాళ్ళకు అంత సులభం కాలేదు. పునీత్ ఇస్సార్ దుర్యోధనుడికి ఒళ్ళుంది, కోపముంది, కానీ ఠీవి తక్కువన్నారు. పంకజ్ ధీర్ కర్ణుడు మాత్రం మొదటి చూపుకే నచ్చాడు, బాధను మింగి నిలబడటం ఆయనకు తెలుసని. ప్రవీణ్ కుమార్ భీముడు నిజజీవితంలో 1966 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో డిస్కస్ విసిరి బంగారు పతకం గెలిచినవాడని పేపర్లో చదివి ఎవరో చెప్పాక ఆయన గద పట్టిన ప్రతిసారీ పిల్లోళ్ళం ఈలలే ఈలలు.

అన్నిటికన్నా పెద్ద వాదం శకుని మీద. ఇది నెలల తరబడి సాగింది, అందుకే కొంచెం వివరంగా చెప్పాలి. మా వాళ్ళకు శకుని అంటే ధూళిపాళ. ‘శ్రీకృష్ణ పాండవీయం’లో, ‘దానవీరశూరకర్ణ’లో ఆయన్ను చూసినవాళ్ళు ఇంకో శకునిని ఊహించలేరు. అంతకు ముందు తరం ‘మాయాబజార్’ సీఎస్సార్‌ను, ‘పాండవ వనవాసం’ లింగమూర్తిని పట్టుకుని కూచునేది. వీళ్ళందరికీ ఎదురుగా గూఫీ పేంటల్ వచ్చాడు. ఒక కాలు ఈడ్చి నడుస్తాడు. ఒక కన్ను సగం మూస్తాడు. పాచికల్ని చేతిలో రుద్దుతూ మాట్లాడతాడు.

‘నడిస్తే అయిపోతాదా? ధూళిపాళ మాట చూడు. ఒక్కో అక్షరం ఇరిసి ఇరిసి పెడతాడు’ అని జేజినాయన పక్షం.

‘మాట కాదు ల్యా నాయనా, చెయ్యి చూడు. పాచిక ఎయ్యకముందే గెలిచినట్టు చూస్తాండాడు’ అని కిటికీ పక్షం.

‘ధూళిపాళ మోసం చేస్తాండాడని మనకు తెలుస్తాది. ఈయప్ప మోసం చేస్తాంటే మనకే నమ్మబుద్దయితాది’ అని టైలర్ మామ.

‘మోసగాడని చూసేవాళ్ళకు తెలియకపోతే ఇంక నాటకమేంటికి?’ అని జేజినాయన.

ఈ చివరి రెండు మాటల మధ్య ఉన్న తేడాయే స్టేజీకీ టీవీకీ ఉన్న తేడా. స్టేజీ మీద వేషగాడు తన మనసును ఆఖరి వరస దాకా విసరాలి. టీవీలో లోపలే దాచుకోవాలి, కెమెరా వచ్చి తీసుకుంటుంది. ఆ సంగతిని ఎవరూ వాళ్ళకు పాఠంగా చెప్పలేదు. వాదించుకుంటూ వాదించుకుంటూ వాళ్ళే అక్కడికి చేరారు. ఆ సీరియల్‌కు నటుల్ని ఏరి తెచ్చిన పనిలో గూఫీ పేంటల్‌కు కూడా చెయ్యి ఉందని తర్వాతెప్పుడో చదివినప్పుడు నాకు ఆశ్చర్యం వేయలేదు. అందరి వేషాల్నీ తూచగలిగినవాడికి తన వేషం బరువు తెలియకుండా ఉంటుందా?

గొంతు పక్షం ఒక్క చోట మాత్రం పూర్తిగా గెలిచింది. ప్రతి వారం మొదట్లో చక్రం తిరుగుతుండగా కాలమే కథ చెప్పేది. మనిషి కనపడడు, హరీష్ భీమాని గొంతు ఒక్కటే. జేజినాయన అప్పుడు మాత్రం రేడియో ముందు కూచున్నట్టే కళ్ళు మూసుకునేవాడు. భాష రాకపోయినా ఆ గొంతులోని బరువును ఆయన పట్టుకున్నాడు. ‘ఈ మొత్తం భారతంలో పెద్ద వేషం ఈయప్పదే’ అన్నాడు. ఆ మాటను కిటికీ పక్షం కూడా కాదనలేదు.

ద్రౌపదిని సభకు ఈడ్చుకొచ్చిన ఆదివారం అరుగుల మీద చాలాసేపు ఎవరూ నోరెత్తలేదు. ఎప్పుడూ అరుగు చర్చల్లో మగవాళ్ళదే పైచేయి. ఆడవాళ్ళు వంటింట్లోకి పోతూ పోతూ ఒక మాట అనేసి పోయేవాళ్ళు. ఆ రోజు వాళ్ళే ముందు మాట్లాడారు. గడపలో నిలబడి మా అత్త టైలర్ మామను అడిగింది: ‘అన్నా, ఆ పిల్ల ఏమడిగింది?’ ఆయన చెప్పాడు: ‘తనను తాను ఓడిపోయినోడికి నన్ను పందెం పెట్టే హక్కు యాడిదని అడిగింది మ్మా.’ ‘మరి ఆ ముసలాయన ఏం చెప్పినాడు?’ ‘ఏం చెప్పల్యా. తల దించుకున్నాడు.’ అప్పుడు మా అత్త అన్నది: ‘అయితే ఆయప్ప బాగా చేసినాడు. చెప్పలేనోని ముఖం అట్లనే ఉంటాది.’ ముఖేష్ ఖన్నా భీష్ముడి గురించి అంతకన్నా మంచి మాట నేను వినలేదు. రూపా గంగూలీ గురించి ఎవరూ ఏమీ అనలేదు. ఆమె నటించిందని ఆ పూట ఎవరికీ అనిపించలేదు, అదే ఆమెకు మా ఊరిచ్చిన బహుమానం. ఆ సీరియల్‌కు మాటలు రాసింది రాహీ మాసూమ్ రజా అని తర్వాత తెలిసి, టైలర్ మామ కుర్చీ కొంచెం ఎత్తు పెరిగింది. వ్యాసుడి కథకు హిందీలో మాట ఇచ్చిందీ, దాన్ని ఎర్రగుంట్లలో మాకు విప్పి చెప్పిందీ ముస్లింలే. ఆ రోజుల్లో అందులో ఎవరికీ విడ్డూరం కనపడలేదు.

మా అభిప్రాయాలు మా వీధిలోనే ఉండిపోలేదు. ఎర్రగుంట్ల మీదుగా మద్రాసు–బొంబాయి రైలు మార్గం పోతుంది. ప్రొద్దుటూరుకు, జమ్మలమడుగుకు అప్పట్లో రైలు లేదు. నంద్యాల లైను వచ్చి వాళ్ళకు రైలు అందింది 2016లో. అంతదాకా రెండూళ్ళ వాళ్ళకూ రైలంటే ఎర్రగుంట్ల స్టేషనే. బట్టల మూటలతో ప్రొద్దుటూరు వ్యాపారులు, క్యాంబెల్ ఆసుపత్రికి వచ్చిపోయే జమ్మలమడుగు దారి మనుషులు, అందరూ రైలు కోసం ఇక్కడే కూచోవాలి. రైలు ఆలస్యమైతే మాటలు తప్ప దిక్కేముంది? సోమవారం స్టేషన్లో నిలబడితే మూడు తాలూకాల తీర్పులు ఒకేసారి తెలిసేవి. ప్రొద్దుటూరులో కృష్ణుడి వేషానికి నితీష్ భరద్వాజ్‌ను ఆకాశానికెత్తుతున్నారని, జమ్మలమడుగులో మాత్రం ‘ఎన్టీవోని తర్వాతే ఎవరైనా’ అంటున్నారని అక్కడే వినేవాళ్ళం. మా ఊరి వాదం మోసుకుపోయి వాళ్ళు అక్కడ చెప్పేవాళ్ళు. వారం తిరిగేసరికి జవాబు వచ్చేది.

హైదరాబాదు దూరదర్శన్ తెలుగు కార్యక్రమాలు మాకు అందాక చర్చల తీరు మారింది. 1983 నవంబర్ 14న టీవీలో తొలి తెలుగు వార్తలు చదివిన శాంతిస్వరూప్‌ను కూడా మా వాళ్ళు నటుణ్ణి చూసినట్టే చూశారు. ప్రాంప్టర్ లేని రోజుల్లో అంత వార్తనూ గుర్తుపెట్టుకుని, కళ్ళెత్తి మన ముఖంలోకి చూస్తూ చదవడం మాటలా? మా తెలుగు అయ్యవారు పలుకు అట్లా ఉండాలని క్లాసులో చెప్పేవారు. ధర్మవరపు సుబ్రహ్మణ్యం ‘ఆనందోబ్రహ్మ’ వచ్చే రోజు నవ్వులు వీధి చివరిదాకా వినపడేవి. నవ్వించేవాడు తాను నవ్వకూడదని, ముఖం ఎంత గంభీరంగా పెడితే అంత నవ్వొస్తుందని ఆయన్ను చూసి మా వాళ్ళు ఖాయం చేశారు. విజయా, వాహినీ వారి సినిమా టీవీలో వచ్చిందంటే ఇంకో రకం గర్వం. బి.ఎన్. రెడ్డి, నాగిరెడ్డి అన్నదమ్ములు మా కడప జిల్లా వాళ్ళు, పులివెందుల తాలూకా నేల వాళ్ళది. ‘మల్లీశ్వరి’ చూస్తూ ‘మనోళ్ళు తీసిందబ్బా’ అని ఎవరో ఒకరు అనకుండా ఉండేవాళ్ళు కాదు.

మంజుల నాయుడు ‘రుతురాగాలు’ వచ్చాక తీర్పు చెప్పే అధికారం ఆడవాళ్ళ చేతికి పోయింది. రోజూ వచ్చే సీరియల్ అది. పనులు ముగించుకుని, చేటలో బియ్యమో శెనక్కాయలో పెట్టుకుని నలుగురైదుగురు ఒక ఇంట్లో చేరేవాళ్ళు. దేవుళ్ళ వేషాల్ని తూచడం వేరు, తమలాంటి ఆడవాళ్ళ వేషాల్ని తూచడం వేరు. ‘కోడలు అంత మెల్లగా నీళ్ళు ముందర పెట్టదుమే, కోపముంటే గ్లాసు చప్పుడైతాది’ అనేవాళ్ళు. అంత దగ్గరగా చూసే చూపు ఏ విమర్శకుడికి ఉంటుంది? 1995 ఆగస్టు 27న ఈటీవీ మొదలై, కేబుల్ వైరు మిద్దెల మీదుగా పాకాక వాళ్ళకు ఇంకా మంచి సరుకు దొరికింది. ‘అన్వేషిత’లో అచ్యుత్, యమున మా వీధికి బంధువులైపోయారు. అచ్యుత్ గట్టిగా మాట్లాడడు, చేతులు తిప్పడు, ఊరికే వింటూ నిలబడతాడు. ఎదుటివాళ్ళు మాట్లాడేటప్పుడు వినడం కూడా నటనేనని నాకు ఆయనే చూపించాడు. 2002లో ఆయన చిన్న వయసులోనే పోయినప్పుడు మా ఇంట్లో ఆ పూట పొయ్యి ఆలస్యంగా వెలిగింది.

‘పాడుతా తీయగా’ వచ్చాక పిల్లల పాటల మీద కూడా పందేలు. అక్కడ మా వైపు వాళ్ళకు ఒక ప్రత్యేకమైన పొగరు ఉండేది, దానికి కారణమూ ఉంది. హాస్యనటుడు పద్మనాభం పులివెందుల దగ్గరి సింహాద్రిపురం మనిషి. ఆయన నిర్మించిన ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’తోనే 1967లో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం సినిమా గాయకుడయ్యారు. బాలు ఎవరో ఒక పిల్లను మెచ్చుకుంటుంటే ‘మొదట ఆయన్ను మెచ్చుకుంది మా సింహాద్రిపురపోడే’ అని పులివెందుల బంధువులు కాలరెత్తేవాళ్ళు. ఆ కార్యక్రమంలో మా ఇంట్లో అందరికీ నచ్చింది బాలు తప్పు చెప్పే పద్ధతి. తప్పును దాచడు, పిల్లను చిన్నబుచ్చడు, తానే పాడి సరిచేసి చూపిస్తాడు. తీర్పు చెప్పడంలో మర్యాద ఎట్లా ఉండాలో మా అరుగులకు ఆయన నేర్పాడు. ఆ తర్వాత మా వాదాల్లో తిట్లు తగ్గాయంటే అతిశయోక్తి కాదు.

అందరం కలిసి ఒకేసారి చూసిన ఆఖరి కార్యక్రమం నా లెక్కలో ‘అమృతం’. 2001 నవంబర్ నుంచి 2007 నవంబర్ దాకా ఆదివారం రాత్రుళ్ళు జెమినీలో వచ్చింది. గుణ్ణం గంగరాజు నిర్మించిన ఆ సీరియల్లో అమృతం వేషం ముగ్గురి చేతులు మారింది. మొదట శివాజీ రాజా, తర్వాత నరేష్, ఆ తర్వాత హర్షవర్ధన్. ముగ్గురిలో ఎవరు మేలు అన్నది మా తరం శకుని వాదం. శివాజీ రాజాలో అమాయకత్వం ఉంది, నరేష్‌లో ఒడుపు ఉంది, హర్షవర్ధన్‌లో వెర్రి ఉత్సాహం ఉంది. నేను మాత్రం ముగ్గుర్నీ వదిలి గుండు హనుమంతరావుకు ఓటేస్తాను. ముగ్గురు అమృతాలు మారినా ఆంజనేయులు ఒక్కడే నిలబడ్డాడు. ఎదుటి నటుడు మారితే తన తీరు కూడా మార్చుకుని, ఆ మార్పు మనకు తెలియకుండా చేయడం ఎంత కష్టమో ఆలోచించండి. శివన్నారాయణ అప్పాజీ, వాసు ఇంటూరి సర్వం కూడా అట్లాంటి కొలతల్లో కూర్చినవే. ఒకరి నవ్వును ఇంకొకరు లాక్కోలేదు.

ఈ మాటలన్నీ ఎందుకు ఆగిపోయాయని అడిగితే నాకు తెలిసిన కారణాలు చెప్తాను. ఇంటింటికీ టీవీ వచ్చింది, అది మంచిదే. కిటికీ బయట నిలబడాల్సినవాళ్ళు తమ ఇంట్లో తాము కూచున్నారు. ఆ మార్పును వెనక్కి తిప్పమని నేను అడగను. దాని వెంటే ఛానెళ్ళు పెరిగాయి. ఎవరు చూసేది వాళ్ళదైంది. వారానికొక భాగం కాస్తా రోజుకొక భాగమైంది. వారం రోజులు నానబెట్టి మాట్లాడుకునే తీరిక పోయింది. తర్వాత ఫోను వచ్చింది, ఎవరి తెర వాళ్ళ అరచేతిలోకి చేరింది, ఎవరి గడియారం వాళ్ళదైంది. నేను ఈ రాత్రి చూసింది మా తమ్ముడు వచ్చే నెల చూస్తాడు. ‘కథ చెప్పొద్దు’ అని ముందే నోరు మూయిస్తాడు. ఒకరు చూసి ఒకరు చూడనప్పుడు వాదం ఎక్కడ పుడుతుంది? ఇళ్ళు కట్టే తీరూ మారింది. అరుగుల స్థానంలో ప్రహరీలు, గేట్లు లేచాయి. బండలు మా ఊరివే, అయినా వాటి మీద మనుషులు కూచునే చోటు మా ఊళ్ళోనే తగ్గిపోయింది.

2020లో కరోనా లాక్‌డౌన్ పెట్టినప్పుడు మార్చి 28 నుంచి దూరదర్శన్ రామాయణాన్ని మళ్ళీ వేసింది. దేశమంతా మళ్ళీ ఒకే పూట ఒకే బొమ్మ చూసింది. మా వీధిలోనూ ప్రతి ఇంట్లోంచి అదే సంగీతం. జేజి లేదు, టైలర్ మామ లేడు. ఉన్నా బయటికొచ్చే వీలు లేని రోజులు. అయిపోయాక ఎవరింట్లో వాళ్ళు తలుపులేసుకున్నారు. ఒకటే చూసినా అభిప్రాయం పుట్టలేదు. అప్పుడు నాకు బాగా తెలిసింది, అందరూ ఒకటే చూడటం సగం పనేనని. చూసినవాళ్ళు ఎదురెదురుగా కూచుంటేనే చూసింది ఒక తీర్పుగా మారుతుంది. ఎదుటివాడు ‘కాదబ్బా’ అన్నప్పుడే మన అభిప్రాయానికి ఎముక పుడుతుంది, అంతవరకూ అది ఇష్టమో అయిష్టమో తప్ప ఇంకేమీ కాదు.

ఇప్పటి పిల్లలకు నటన తెలియదని నేను అనను. మాకన్నా పది రెట్లు మంచి నటనను వాళ్ళు చూస్తున్నారు, మలయాళం చూస్తున్నారు, కొరియా వాళ్ళవీ చూస్తున్నారు. భాష రాకుండా ముఖం చదవడం వాళ్ళకూ వచ్చు. వాళ్ళకు లేనిదల్లా ‘నువ్వు చూసింది తప్పు, మళ్ళీ చూడు’ అని ప్రేమగా గద్దించే పక్కింటి మనిషి. అది ఇవ్వగలిగింది మనమే. మా ఇంట్లో నెలకొక ఆదివారం పదిమందిని పిలిచి ఒక పాత సీరియల్ భాగమో సినిమానో వేస్తున్నాం. బొరుగులు కలిపి ముందర పెడతాం. అయిపోయాక టీవీ కట్టేస్తాం, ఫోన్లు లోపలి గదిలో పెట్టేస్తాం, పిల్లోళ్ళ చేతే మొదటి మాట చెప్పిస్తాం. కిటికీ బయట ఎవరూ నిలబడకుండా చూసుకుంటాం. పోయిన నెల జూదం భాగం వేశాం. పదో తరగతి చదివే మా అన్న కూతురు ధూళిపాళ పక్షం పట్టి నాతో గంటసేపు తగువాడింది. ఎన్ని చెప్పినా దిగిరాలేదు. నా ఓటు గూఫీ పేంటల్‌కే, అది మారదు. అయినా ఆ పిల్ల వాదన విన్నాక ధూళిపాళ భాగాన్ని మళ్ళీ ఒకసారి చూడాలని ఆ రాత్రే అనుకున్నాను, చూశాను కూడా. జేజినాయన చెప్పిన ఆ ఇరుపులు మాటలో నిజంగానే ఉన్నాయి.